కూత పెట్టని కుక్కర్, పేరు చెప్పని మాంసం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలుసుకోవడానికి ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు. మూడు విజిల్స్‌కి ఆగితే పప్పు. ఒకటి రాగానే ఎవరో పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపితే బంగాళాదుంప. ఏడు దాటినా కూస్తూనే ఉంటే మటన్. ఆదివారం కాని రోజు ఏడు దాటితే అల్లుడొచ్చాడని అర్థం. శనివారం నాడు ఏడు దాటితే మాత్రం ఆ ఇంటివాళ్లు రాజ్‌మా అంటారు, మేం నమ్మినట్టు తలూపుతాం. తార్నాకలో ఉన్న ఈ ఐదంతస్తుల భవనంలో కాస్తో కూస్తో కట్టుబాటు మిగిలి ఉందంటే అది పోలీసుల వల్ల కాదు, అసోసియేషన్ వల్ల అసలే కాదు. కుక్కర్ నెత్తిన కూర్చున్న ఆ చిన్న వెయిట్ వల్ల.

అలాంటి భవనంలోకి గత డిసెంబరులో కూత పెట్టని కుక్కర్ ఒకటి దిగింది. దీని వల్ల సమాజానికి వాటిల్లబోయే నష్టంపై ప్రభుత్వం ఇంతవరకు ఒక్క ప్రకటన కూడా చేయలేదు. కాబట్టి ఆ భారం నా మీద పడింది.

తెచ్చింది మా మేనల్లుడు. డల్లాస్‌లో ఉంటాడు. మామూలుగా పిల్లలు అక్కణ్ణుంచి చాక్లెట్లు, విటమిన్ బిళ్లలు తెస్తారు. వీడు సూట్‌కేసులో సగం ఖాళీ చేసి ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ పెట్టుకొచ్చాడు. "మామయ్యా, ఈసారి హాలిడే హ్యామ్ చేద్దాం" అన్నాడు. ఏ హాలిడేకిరా అంటే, క్రిస్మస్‌కే, కానీ ఆఫీసులో అన్ని మతాలవాళ్లూ ఉంటారు కదా, హాలిడే అనడం అలవాటైపోయింది అన్నాడు. పండగ పేరు చెప్పకుండా పండగ చేసుకునే సంస్కారం అది. మేం ఇంకో మెట్టు పైకెక్కాం. మాంసం పేరు కూడా చెప్పలేదు.

మా ఇంట్లో పంది మాంసం నిషిద్ధం. ఆ మాట వినబడితే మా అమ్మ కంచం ముందు నుంచి లేచిపోతుంది. అదే 'పోర్క్' అంటే, ఎక్కడో ఎవరో తినేదిలే అని ఊరుకుంటుంది. 'హ్యామ్' అంటే ఆక్షేపణ ఎవరికీ లేదు, ఎందుకంటే అదేమిటో ఎవరికీ తెలియదు. ఊళ్లో ఎరుకలవాళ్ల ఇళ్ల ముందు నుంచి పోవాల్సి వస్తే ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్న పెద్దమనుషులు, హైదరాబాద్ వచ్చాక స్టార్ హోటల్ బఫేలో పల్చటి గులాబీ రంగు ముక్కల్ని ఫోర్కుతో ఎత్తి "కోల్డ్ కట్స్ బాగున్నాయి" అనడం నేను చూశాను. వాళ్ల పక్కన ప్లేటు పట్టుకుని నించున్నది నేనే కాబట్టి బాగా చూశాను. జంతువు అదే. ఎరుకలాయన కోసి ఇస్తే కులం అడ్డొస్తుంది, తెల్ల టోపీ పెట్టుకున్నాయన కోసి ఇస్తే కాంటినెంటల్ అవుతుంది.

అసలు హ్యామ్ అంటే పంది వెనక తొడ. ఉప్పు పట్టించి, ఊరబెట్టి, చాలాసార్లు పొగ కూడా పెట్టి నిలవ ఉంచుతారు. ఆ ముచ్చటైన గులాబీ రంగు దాని సొంతం కాదు, ఊరబెట్టే ఉప్పులో కలిపే నైట్రైట్‌ది. మేనల్లుడు అమ్మకు ఇదంతా వివరించాడు, ఒక్క మొదటి మాట తప్ప. "తొడ, అమ్మమ్మా. ఉప్పులో ఊరబెడతారు, పొగ పెడతారు" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "అంటే మన ఒట్టి తునకల లెక్కనే" అంది. ఏ తొడ అని అడగలేదు. ఆ అడగకపోవడం గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

హైదరాబాద్‌లో పోర్క్ ప్రతి గల్లీలో దొరికే సరుకు కాదు. సికింద్రాబాద్ వైపు పోవాలి. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన ఊరు, తెల్లవాళ్ల కంటోన్మెంట్. పటాలం వచ్చిన చోటికి దాని వంటిల్లు రాకుండా ఉంటుందా? లాలాగూడలో ఉండే ఆంగ్లో ఇండియన్ మిత్రుడు, రైల్వేలో రిటైరయ్యాడు, కొట్టు చిరునామా ఇచ్చాడు. కుక్కర్ సంగతి చెప్పగానే ఫోన్‌లో చాలాసేపు నవ్వాడు. వాళ్లింట్లో పెద్ద డేక్సాలో నీళ్లు పోసి ఉడకబెడతారట, అంతే. కొట్టువాడు ముక్కలుగా అయితే ఇప్పుడే ఇస్తాను, పూర్తి తొడ కావాలంటే వారం ముందు చెప్పాలి అన్నాడు. చెప్పాం. ఎముక తీసేసి, వల సంచీలో బిగించి, రెండున్నర కిలోలు ఇచ్చాడు.

అది కుక్కర్‌లో పట్టలేదు. ఆ కుక్కర్ కొలత ఆరు క్వార్టులు. ఆరు క్వార్టర్లు అంటే మా వీధి చివరి షాపు లెక్కలో 1080 మిల్లీలీటర్లు, మా వాచ్‌మన్ రెండ్రోజులకు సరిపెట్టుకుంటాడు. అమెరికా లెక్కలో దాదాపు 5.7 లీటర్లు. అయినా పట్టలేదు. చివర ఒక ముక్క కోసి ఫ్రిజ్‌లో, అల్లం వెల్లుల్లి డబ్బా వెనకాల దాచాం.

ఇంతకంటే పెద్ద సమస్య కరెంటు. ఆ కుక్కర్ 120 వోల్టులకు పుట్టింది. మన గోడలో ఉండేది 230. ప్లగ్గు సైజు మార్చే తెల్ల అడాప్టర్ పెట్టి మేనల్లుడు స్విచ్ వేయబోతుంటే, గీజర్ బాగుచేయడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ ఆపాడు. "సార్, పిన్ను మారితే కరెంటు మారదు" అన్నాడు. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని ఇంజనీరింగ్ చదివిన మా ఇద్దరికీ పదో తరగతి పాసైన ఆయన చెప్పాడు. కోఠికి వెళ్లి, 1000 వాట్ల కుక్కర్‌కు సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. 12 కిలోలు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని మోసుకొస్తుంటే, ఇన్వర్టర్ మారుస్తున్నారా అని వాచ్‌మన్ అడిగాడు. అవునన్నాను. ఆ రోజు మొదటి అబద్ధం అది.

ఇక వంట. అడుగున కాసిని నీళ్లు, అనాసరసం. మీద తొడ. మూత తిప్పితే ఒక సంగీతం వచ్చింది. బటన్ నొక్కి 10 నిమిషాలు పెట్టాడు. పదే నిమిషాలా అని నేను మురిసిపోయి అన్నం తినడానికి చేతులు కడుక్కున్నాను. కడుక్కున్న చేతులు ఆరిపోయాయి. ఆ పది నిమిషాలు మొదలు కావడానికే అరగంట పట్టింది. ఆవిరి నిండి చిన్న పిన్ను పైకి లేచేదాకా ఆ యంత్రం లెక్క మొదలుపెట్టదు. అది అయ్యాక ఒత్తిడి దానంతటదే దిగడానికి ఇంకో ఇరవై నిమిషాలు వదిలేయాలి. పెళ్లివాళ్లు శుభలేఖలో వేసే ముహూర్తానికీ భోజనాల వేళకీ ఎంత సంబంధమో ఆ పదికీ ఆకలికీ అంతే సంబంధం.

ఈ గంట సేపూ వంటింట్లో నిశ్శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే తుమ్మెదలా 'మ్‌మ్' అంటోంది. అమ్మ రెండుసార్లు వచ్చి చూసింది. మూడోసారి ఓపిక పట్టలేకపోయింది. "గిదేందిర, గంట సేపయితుంది, ఒక్క కూత గూడ పెడ్తలేదు. ఉడుకుతుందా, ఊకున్నదా?"

ఈ ప్రశ్నకు సైన్సులో జవాబుంది, సంసారంలో లేదు. ప్రెషర్ కుక్కర్‌ను 1679లో కనిపెట్టిన డెనిస్ పాపిన్ ఫ్రాన్సువాడు. ఎముకల్ని సైతం మెత్తగా ఉడికించే పాత్ర అని లండన్ మేధావులకు చూపించాడు. 1682లో వాళ్లకు దాంట్లోనే వండి విందు కూడా పెట్టాడు. ఆవిరి ఎక్కువై పాత్ర పేలకుండా సేఫ్టీ వాల్వ్ పెట్టిందీ ఆయనే. ఇన్ని చేసి, చివరికి లండన్‌లోనే ఎవరికీ పట్టని పేదవాడిగా పోయాడు పాపం. ఆయన ఒత్తిడి సంగతి చూసుకున్నాడు. కూతను సంసారానికి కొలమానం చేసుకున్నది మాత్రం మనమే. పాపిన్ లెక్కలో కూత అంటే అదనపు ఆవిరి బయటికి పోవడం. మన లెక్కలో అది గడియారం, థర్మామీటర్, ఇంటి ఇల్లాలికి పిలుపు, పక్కింటికి నోటీసు. స్టవ్ మంట పెంచితే విజిల్ తొందరగా వస్తుంది, రబ్బరు అరిగితే అసలు రాదు, అత్తగారి కుక్కర్ విజిలూ కోడలి కుక్కర్ విజిలూ ఒకటి కావు. అయినా దేశమంతా దాంతోనే వండుతోంది. కిలో రాళ్లకు ముద్ర వేసే తూనికలు కొలతల శాఖ విజిల్‌ను మాత్రం ఎందుకు గాలికి వదిలేసిందో నాకు అంతుబట్టదు. విదేశీ కుక్కర్లకు విమానాశ్రయంలోనే కూత బిగించాకే బయటికి వదలాలని నా డిమాండు. మూగది ఇంట్లోకి వస్తే ఏం జరుగుతుందో మా ఇల్లే సాక్ష్యం. రెండున్నర కిలోల పంది తొడ మా వంటింట్లో ఉడుకుతుంటే, పప్పు ఎన్ని విజిల్స్‌కి దించామో కూడా తెలిసిన ఇరవై కుటుంబాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

అన్నట్టు, ఉడుకుతోందని రాశాను. అది తప్పు. మూత తెరిచే వేళకు నేను ప్యాకెట్ మీద చీటీ చదివాను. ఆ హ్యామ్ అప్పటికే ఉడికినదట. మేనల్లుడికి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. అమెరికాలో అమ్మే హ్యాముల్లో చాలామటుకు ఉడికించి అమ్మేవేనట. సీలు వేసి వచ్చినదైతే అక్కడి వ్యవసాయ శాఖ 60 డిగ్రీల దాకా వేడి చేస్తే చాలంటుంది, చల్లగా తిన్నా తప్పు పట్టదు. మనది ఎక్కడ కట్టారో తెలియదు కాబట్టి 74 దాకా పోదాం అని వీడే థర్మామీటర్ గుచ్చాడు. అంటే విమానంలో వచ్చిన కుక్కర్, 12 కిలోల ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఎలక్ట్రీషియన్, రెండు అబద్ధాలు (రెండోది చెబుతాను), ఇవన్నీ కలిసి మా ఇంట్లో చేసిన పని ఒక్కటే. నిన్నటి కూర వేడి చేయడం.

ఇక పైపూత. కుక్కర్‌లోంచి తీసిన హ్యామ్ తడిగా, పాలిపోయి, పురిటి స్నానం చేయించిన పసిబిడ్డలా ఉంటుంది. ఆవిరికి రంగు తెప్పించే గుణం లేదు. అందుకని దాని మీద కత్తితో చతురస్రాలు గీసి, ఒక్కో గడిలో లవంగం గుచ్చి, బ్రౌన్ షుగర్, ఆవాల ముద్ద పూసి ఓవెన్‌లో పెడతారు. మాకు ఓవెన్ లేదు, బ్రౌన్ షుగర్ లేదు. బెల్లం ఉంది, అమ్మ దగ్గర ఆవకాయకు దాచిన ఆవపిండి ఉంది. అడిగితే అమ్మ డబ్బా తీసి ఇస్తూ, "ఉప్పుల ఊరింది, బెల్లం, ఆవపిండి. ఇంగ్లీషు పేరు పెట్టిన్రు గాని బెల్లం ఆవకాయనే కదర" అంది. ఇంతకంటే నిర్దుష్టమైన నిర్వచనం నేను ఎక్కడా చదవలేదు.

బెల్లం, కుక్కర్ అడుగున మిగిలిన అనాసరసం కలిపి మూకుడులో పాకం పట్టాం. పాకం బుడగలు కట్టి, ముదురుతూ, ఇల్లంతా కమ్మటి వాసన. కిటికీలోంచి మెట్ల మీదికి, మెట్ల మీదుగా మూడో అంతస్తుకి. ఐదు నిమిషాల్లో కాలింగ్ బెల్ మోగింది. మూడో అంతస్తు గోదావరి వాళ్లావిడ గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మగారూ, అరిసెలకి పాకం పట్టారా? అప్పుడే సంక్రాంతి వచ్చేసిందేమో అనుకున్నాను!" అంటూ లోపలికి తొంగి చూసింది.

నేను కదల్లేదు. మేనల్లుడు హ్యామ్ మీద పళ్లెం బోర్లించాడు. అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి, కళ్లు కూడా ఆర్పకుండా, "అవు బిడ్డా, అరిసెలే. ఇంక కాలే. రేపు పంపిస్త" అంది.

రెండో అబద్ధం అదే. అంత నున్నగా, అంత సిద్ధంగా వచ్చిందంటే, ఏ తొడో ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

మాట ఇచ్చాక తప్పుతుందా? ఆ సాయంత్రం హ్యామ్ తినడానికి మాకు అరగంట దొరికింది. బాగుంది. మిగతా సమయమంతా అరిసెలకే పోయింది. బియ్యం రాత్రంతా నానాలి, పొద్దున్నే వడగట్టి తడి ఆరకముందే గిర్నీకి పట్టుకెళ్లాలి, పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. డిసెంబరు 26న మన రాష్ట్రంలో బాక్సింగ్ డే సెలవు. అదేదో కొట్టుకునే పండగ అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. పనివాళ్లకీ పేదవాళ్లకీ డబ్బాలు కట్టి ఇచ్చే రోజట. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేనల్లుడు రెండు చెక్కల మధ్య అరిసెలు పెట్టి నూనె ఒత్తాడు, నేను పంతొమ్మిది డబ్బాలు కట్టాను. అమెరికాలో పది నిమిషాల వంటకం, తార్నాకలో రెండు రోజులు పట్టింది.

మర్నాడు లిఫ్ట్‌లో అసోసియేషన్ ప్రెసిడెంటుగారు కలిశారు. బ్యాంకులో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. 'మాంసాహారం వండువారు కిటికీలు మూసుకొనవలెను' అని లిఫ్ట్‌లో కాగితం అంటించింది ఆయనే. ఆ కాగితం మా ఇద్దరి మధ్యే ఉంది.

"అరిసెలు బ్రహ్మాండం అండీ" అన్నారు.

"అమ్మ చేతి మహిమ సార్."

లిఫ్ట్ రెండో అంతస్తు దాటింది. ఆయన గొంతు తగ్గించారు. "మొన్నటి పాకంలో మాత్రం లవంగం వాసన వచ్చింది."

నేను కాగితం వైపు చూశాను.

"మా అమ్మాయి కూడా న్యూజెర్సీ నుంచి అలాంటి కుక్కరే తెచ్చిందండీ. ప్లగ్గు పెట్టడానికి భయంగా ఉంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ కాని ఇన్వర్టర్ ఏదో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. ఆదివారం ఒక్కపూట ఇస్తారా?"

"దానికేం సార్. కానీ 12 కిలోలు, ఇద్దరు పట్టాలి. లిఫ్ట్‌లో పంపిస్తాను."

ఆయన తలెత్తి మూలన ఉన్న కెమెరా వైపు చూసి, చూపు దించుకున్నారు. "వద్దులెండి. చీకటి పడ్డాక మెట్ల మీదుగా మేమే వచ్చి పట్టుకుపోతాం."