వంగిపోయిన నడుముకి తగ్గ ఎక్స్‌రే బల్ల ఎవరు చేస్తారు?

ఆస్పత్రికి కొత్త ఎక్స్‌రే మెషిన్ వచ్చిందంటే అందరూ అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. ఎన్ని ఎంఏ (మిల్లీయాంపియర్లు, అంటే మెషిన్ ఎంత శక్తిదో), డిజిటలా కాదా, ఫిల్మ్ ఎంతసేపట్లో చేతికొస్తుంది? పడుకోలేని మనిషిని దాని మీద ఎట్టా పడుకోబెడతారని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. నేను రేడియోగ్రాఫర్‌ని. కనిగిరి, పొదిలి, దర్శి నుంచి, ఇటు ఉదయగిరి, వరికుంటపాడు నుంచి వచ్చే ముసలివాళ్లకి ఎక్స్‌రేలు తీయడం నా పని. పోస్ట్ కాస్త పొడుగే. మెకానికల్, బయోమెడికల్ చదువుతూ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏం చేద్దామా అని వెతుక్కునే పిల్లలు మాత్రం తప్పకుండా చదవండి.

ఎక్స్‌రే బల్లని తిన్నటి వొళ్లున్న మనిషిని ఊహించుకుని చేశారు. వెల్లకిలా పడుకుంటే వీపంతా బల్లకి ఆనాలి, కాళ్లు చాపితే మడమలు ఆనాలి, అరచెయ్యి పైకి తిప్పమంటే తిరగాలి. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఇవేవీ చేతకావు. "తిన్నగా పడుకునేదానికి కాదు నాయనా" అంటారు. అది మొండితనం కాదు, భయం కాదు. వెన్ను నిజంగానే వంగదు, తిన్నబడదు.

కారణం మనందరికీ తెలిసిందే, నీళ్లు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ గీత దాటిన బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకి ఎముక చిక్కబడుతుంది, కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లకి సున్నం పడుతుంది. మెడ తిరగదు, నడుము గూనిదేరుతుంది, తుంటీ మోకాళ్లూ కొంత వంగి అక్కడే బిగుసుకుపోతాయి. ఈ జబ్బు పేరే ఫ్లోరోసిస్. మన దేశంలో దీని గురించి 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు వైద్య పత్రికలో రాశారు. రాసింది నెల్లూరు జిల్లా గురించి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో నెల్లూరులోవే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. తర్వాత 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ మీద జాతీయ కార్యక్రమం మొదలుపెడితే మొదటి విడతలో తీసుకున్న కొద్ది జిల్లాల్లో మళ్లీ నెల్లూరు ఉంది. ఇంత చరిత్ర ఉండి కూడా, ఈ జబ్బుతో వంగిపోయిన మనిషిని నొప్పి లేకుండా ఆనించి ఎక్స్‌రే తీయడానికి పనికొచ్చే సామాను నేను పనిచేసిన ఏ గదిలోనూ లేదు. ఉన్నవి పాత దిండ్లు, మడిచిన దుప్పట్లు. నాకు బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది.

ముంజేతి ఎక్స్‌రే సంగతే చూడండి. ఫ్లోరోసిస్ అనుమానం వస్తే డాక్టర్లు తరచుగా అడిగేది అదే. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలు, వాటి మధ్య పల్చటి పొర. ఫ్లోరైడ్ ముదిరిన మనిషికి ఆ పొర సున్నం పట్టి ఎముక అంచు నుంచి సందులోకి మొనదేలి కనపడుతుంది. చూడటం తెలిసినవాళ్లకి చాలా గట్టి గుర్తు అది. కానీ ఆ సందు ఫిల్మ్ మీద తెరుచుకోవాలంటే అరచెయ్యి పైకి తిరిగి ఉండాలి, ముంజేయి మొత్తం కింద బొమ్మ పడే ప్లేటుకి ఆనాలి. అరచెయ్యి కిందికి తిరిగిందా, రేడియస్ వచ్చి అల్నా మీద అడ్డంగా పడుతుంది. చూడాల్సిన చోటే మూసుకుపోతుంది. ఏ జబ్బుని పట్టుకోవడానికి ఈ ఎక్స్‌రే తీస్తున్నామో ఆ జబ్బే మోచేతిని చాపనివ్వదు, అరచేతిని తిరగనివ్వదు. ఇట్టా అడ్డం పడిన ఫిల్మ్ చూసి ఏమీ లేదని ఇంటికి పంపిన మనిషి అవే నీళ్లు తాగుతూ ఉంటాడు.

మోచెయ్యి 40 డిగ్రీలు వంగి అక్కడే ఆగిపోయిందనుకోండి. ముంజేయి ప్లేటు మీద ఆనాలంటే పైచెయ్యి ఆ 40 డిగ్రీల ఏటవాలులో లేచి ఉండాలి, భుజం ప్లేటు మట్టానికి అంత లెక్కన పైన ఉండాలి. వంపు తక్కువైతే భుజం కిందికి దిగాలి. గూనితో పొట్టిబడిన అవ్వకి ఒక ఎత్తు, పొడగరి తాతకి ఇంకో ఎత్తు కావాలి. మన స్టూలుకీ బల్లకీ మాత్రం ఒకటే ఎత్తు. అందుకే ఆ మనిషి సగం లేచి, పక్కకి వాలి, వొణుకుతూ ఉంటాడు. దీనికి కావాల్సింది లక్షల మెషిన్ కాదు. ఎత్తు మారే సీటు, పైచేతి కింద మడతబందు మీద లేచి ఎక్కడ ఆపితే అక్కడ ఆగే మెత్తటి పలక, అరచేతిలో ఇమిడే అడ్డపిడి. ఈ మూడూ ఒక చట్రంలో ఉంటే చాలు.

మోకాలి కథ ఇంకోరకం. మోకాలు చాపలేని మనిషిని వెల్లకిలా పడుకోబెడితే మోకాలి కిందా ప్లేటు మీదా ఖాళీ మిగులుతుంది. కిరణాలు వచ్చే ట్యూబుకీ ప్లేటుకీ దూరం 100 సెంటీమీటర్లు, ఎముక ప్లేటు నుంచి 10 సెంటీమీటర్లు పైకి లేచి ఉందనుకోండి. వందని తొంభైతో భాగించండి, ఎముక నీడ 11 శాతం పెద్దదిగా పడుతుంది. అంచులు కూడా మసకబారతాయి, ఎందుకంటే ట్యూబులో కిరణాలు పుట్టే చోటు చుక్క కాదు, దానికీ కొంత వెడల్పుంది. పైగా కాలికి ఆనుడు లేక కండరం అదురుతుంది, ఆ అదురు కూడా ఫిల్మ్ మీదికొస్తుంది. మోకాలి మార్పిడికి ఏ సైజు పడుతుందో కొలవాల్సిన ఫిల్మ్ ఇది. ఖాళీ తప్పించాలంటే ప్లేటే పైకి లేచి కాలి వంపుతో పాటు వంగాలి. తొడకి ఒక రెక్క, పిక్కకి ఒక రెక్క, రెండింటి మధ్య బందు, ప్లేటు దూరేందుకు వెనక గాడి ఉంటే ఆ పని అవుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. మోకాలి చిప్పని చూసేందుకు కాళ్లని 45 డిగ్రీల దగ్గర వంచి తీసే పద్ధతిని మర్చంట్ అనే డాక్టరు 1974లోనే రాశాడు, దానికోసం కాళ్లని ఆ కోణంలో ఆపే చట్రాలు వచ్చాయి. పసిపిల్లల్ని నిటారుగా ఉంచి ఛాతీ ఎక్స్‌రే తీయడానికి పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు కూడా ఎప్పటి నుంచో ఉన్నాయి. బిగుసుకుపోయిన వొంటి కోసం ఎందుకు ఆలోచించకూడదు?

ఫోమ్ ముక్కల సెట్లు బజార్లో దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి. 45 డిగ్రీల ముక్క ఒకటి, ఇంకాస్త తక్కువది ఒకటి, కొన్ని దిమ్మెలు. తిన్నటి మనిషిని కొంచెం పక్కకి తిప్పడానికి అవి బాగానే పనికొస్తాయి. మా అవ్వల వంపు ఆ అంకెల దగ్గర ఆగదు. ముక్క మీద ముక్క పేరిస్తే సరిగ్గా ఊపిరి బిగపట్టమన్న క్షణంలో జారుతుంది. సీటీ ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. సీటీ బల్ల కూడా పడుకోవాల్సిన బల్లే. అందులో రేడియేషన్ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, కొండకింద పల్లె నుంచి అక్కడిదాకా రావడమే పెద్ద పని.

ఇక పట్టుకోవడం. నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఇది. మనిషి నిలవకపోతే వెంట వచ్చిన కోడలో కొడుకో "అత్తమ్మని నేను పట్టుకుంటాలే సార్" అని ముందుకొస్తారు. వాళ్ల ప్రేమని తప్పుపట్టలేను. అణుశక్తి నియంత్రణ మండలి చెప్పేది ఏమంటే, సిబ్బంది రోగిని పట్టుకోకూడదు, వీలైనంతవరకు సాధనాలతోనే నిలపాలి, తప్పనిసరైతే పెద్ద వయసు బంధువొకరు సీసం ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లు అస్సలు పట్టుకోకూడదు. ఏప్రన్ చెదిరి వచ్చే కిరణాలని ఆపుతుంది, నేరుగా పడే కిరణంలో పెట్టిన చేతి వేళ్లని కాపాడదు. సరైన ఆనుడు లేనప్పుడు ఆ వేళ్లే ఆనుడవుతాయి. ఫిల్మ్ మీద బంధువుల గాజుల నీడ పడటం చూసిన రేడియోగ్రాఫర్లకి నేను చెప్పేది అర్థమవుతుంది.

కదిలిపోతే మళ్లీ తీయాలి. వొంటికి తగిలే రేడియేషన్‌ని మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటి సుమారు 0.02 మిల్లీసీవర్టులు, నడుముది సుమారు 1.5. అంటే నడుముకి ఒక్కసారి మళ్లీ తీయడం ఛాతీకి డెబ్బై అయిదు సార్లు తీసినంత. మామూలు జనానికి సహజంగా వచ్చేది కాక, పైనుంచి ఏడాదికి ఇంతకు మించకూడదని పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్టు. రోగికి ఆ హద్దు వర్తించదు, జబ్బు తెలుసుకోవడానికి తీస్తున్నాం కాబట్టి. అలాగని కింద సరైన ఆనుడు లేక రెండోసారి తీసిన దాన్ని ఆ లెక్కలో వేసుకోవడానికి నా మనసు ఒప్పదు.

సరే, చేసేవాళ్లు ఏం చూసుకోవాలి? మొదటిది, కిరణం వెళ్లే దారిలో లోహం ఉండకూడదు. మేకు, స్ప్రింగు, బందు, తాళం అన్నీ చట్రం బయటి అంచుకి పోవాలి. ఇసుక సంచి కాలు కదలకుండా బాగా ఆపుతుంది, కానీ ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది, కాబట్టి దాని జాగా ఫిల్మ్ హద్దు బయటే. ఫోమ్ అంతా ఒకే సాంద్రతలో ఉండాలి, లోపల పెద్ద గాలిబుడగలుంటే అవీ కనపడతాయి. పై తొడుగు కుట్టు పక్క అంచున రావాలి, మధ్యలోంచి పోతే ఎముక విరిగిన గీతలాగా భ్రమ పెడుతుంది. చెయ్యి, మణికట్టు లాంటి సన్నటి భాగాలకి తక్కువ కేవీ (ట్యూబుకిచ్చే కిలోవోల్టులు) వాడతాం, అప్పుడు ఈ నీడలు ఇంకా తేటగా బయటపడతాయి. అందుకే మీరు చేసిన వస్తువుని రోగి మీద పెట్టకముందు ఖాళీగా ప్లేటు మీద పెట్టి 50 కేవీ దగ్గర ఒక ఎక్స్‌రే తీయించండి. అందులో గీతా మచ్చా కనపడకపోతేనే తర్వాతి మాట.

రెండోది నా పట్టుదల: కోణం అంకె కనపడాలి. ఇష్టమొచ్చినంత జారే బందు కన్నా గాడి గాడికీ ఆగేది మంచిది, గాడి పక్కన డిగ్రీలు పెద్ద అక్షరాల్లో చెక్కి ఉండాలి. ఈ రోజు 35 దగ్గర తీశానని నేను రాసిపెడితే, వచ్చే ఏడాది ఇంకొకరు అదే 35 దగ్గర తీస్తారు, అప్పుడే రెండు ఫిల్ములు పక్కన పెట్టి జబ్బు పెరిగిందా ఆగిందా అని చూడగలం. తాళం ఒంటిచేత్తో పడాలి, నా రెండో చెయ్యి ఎప్పుడూ మనిషి మీదే ఉంటుంది కాబట్టి. మనిషి బరువంతా ఒక్కసారి ఒరిగినా గాడి వదలకూడదు.

మిగతావి త్వరగా చెప్తాను. నీరు, రక్తం, మూత్రం పీల్చని ఫోమ్ కావాలి. కాంట్రాస్ట్ మందు (లోపలి భాగాలు ఫిల్మ్ మీద తేటగా కనపడేందుకు ఇచ్చేది) ఒలికి ఇంకిందంటే ఆ మచ్చ తర్వాతి రోగి ఫిల్మ్ మీద వస్తుంది. తుడిచే మందుకి పగిలిపోని తొడుగు కావాలి. మే నెలలో నెల్లూరు ఎండకి జిగురు ఊడకూడదు, సముద్రపు గాలికి బయటి ఇనుము తుప్పు పట్టకూడదు. పైన కాస్త మెత్తదనం తప్పనిసరి, ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేని గూని వీపు గట్టి పలక మీద రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేదు.

ఇదంతా చేయగల చేతులు మన దగ్గరే ఉన్నాయి. పరుపుల షాపుల్లో ఫోమ్ కోసేవాళ్లు, లేతు షాపులవాళ్లు మనకి కొదవ లేదు. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే పనివాళ్ల నునుపు మీకు తెలుసు. చెక్క ఈనె ఫిల్మ్ మీద కనపడుతుంది కాబట్టి కిరణం దారిలో వద్దు, పిడులకీ బయటి చట్రానికీ అంతకన్నా మంచి చేతులు నాకు తెలియవు. తయారుచేసి అమ్ముదామనుకునేవాళ్లు 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ముందే చదువుకోండి. ఆస్పత్రులకి సామాను కొనే పెద్దలకి ఒక విన్నపం: నేను చూసిన కొనుగోలు కాగితాల్లో మెషిన్‌కి పేజీలకు పేజీలు, రోగిని ఆనించి నిలిపే పొజిషనింగ్ సామానుకి చివర ఒక్క లైను. ఆ లైనులో ఏ కోణం నుంచి ఏ కోణం దాకా, ఎంత బరువుకి, కిరణం దారిలో లోహం లేకుండా అని రాయించండి. రాయకపోతే మళ్లీ దిండ్లే వస్తాయి.

చేద్దామనుకునే పిల్లలు ముంజేతి చట్రంతో మొదలుపెట్టండి. చిన్నది, ఖర్చు తక్కువ, ఫలితం మొదటి ఫిల్మ్‌లోనే తెలుస్తుంది. ఏ కొలతలు తీసుకోవాలో నేను చెప్తాను: కూర్చున్నప్పుడు సీటు నుంచి భుజం దాకా ఎత్తు, భుజం నుంచి మోచెయ్యి దాకా పొడుగు, మోచెయ్యి ఎక్కడిదాకా చాపగలరు, అరచెయ్యి ఎక్కడిదాకా తిరుగుతుంది. కాలేజీ కుర్రాళ్ల మీద కొలిచి తీసుకురావద్దు. పొదిలి వైపు ఏ ఊరికైనా పోండి, పెద్దవాళ్లని అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే కొలవండి. బలవంతంగా చెయ్యి చాపించవద్దు, నొప్పి అన్న చోటే ఆగండి. ఆ ఆగిన డిగ్రీ అంకెనే కాగితం మీద రాసుకుని నాకు మెసేజ్ పెట్టండి, సెలవు రోజు కూర్చుని కలిసి గీద్దాం.