ఓడిపోవడానికి పిలిచినవాడు

2023 డిసెంబర్ 23న రియాద్‌లో పేరున్న హెవీవెయిట్ బాక్సర్లు ఆంథొనీ జాషువా, డియోంటే వైల్డర్ ఒకే రాత్రి వేర్వేరు పోటీల్లో రింగులోకి దిగారు. జనం వచ్చింది వాళ్ల కోసమే. వాళ్ల కంటే ముందు జరిగిన ఒక బౌట్‌లో అర్స్‌లాన్‌బెక్ మఖ్మూదోవ్ అనే రష్యన్ హెవీవెయిట్‌ను నిలబెట్టారు. 18 పోటీల్లో 18 గెలుపులు, వాటిలో 17 నాకౌట్లు. ఎదురుగా జర్మనీ బాక్సర్ అగిత్ కబాయెల్. అతనికీ ఓటమి లేదు గానీ నాకౌట్లు తక్కువ, పేరు ఇంకా తక్కువ. ఎవరిని పైకి తేవడానికి ఎవరిని పిలిచారో పందెం కాసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. కబాయెల్ మాత్రం పక్కటెముకల కింద కొడుతూ పోయాడు. నాలుగో రౌండులో మఖ్మూదోవ్ మళ్లీ మళ్లీ కూలాడు, రిఫరీ పోటీ ఆపేశాడు.

ప్రధాన పోటీకి ముందు వరసగా జరిగే బౌట్లను అండర్‌కార్డ్ అంటారు. పెళ్లిలో తోడిపెళ్లికొడుకుకు దక్కేపాటి గౌరవమే దానికీ దక్కుతుంది. నేను మాత్రం ముందు ఆ జాబితానే చూస్తాను. పెద్ద పోటీలో ఇద్దరి సత్తా మనకు దాదాపుగా తెలిసే ఉంటుంది. కింది వరసలో ఉన్న కుర్రవాడి రికార్డులో ఎంత నిజం ఉందో, ఎంత పూత ఉందో అక్కడే బయటపడుతుంది.

ఆ పూత ఎలా పడుతుందో తెలియాలంటే జతలు ఎవరు కుదురుస్తారో తెలియాలి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో అది డ్రా పని, అంటే చీటీ తీసినట్టు ఎవరికి ఎవరు పడితే వాళ్లే. పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (ర్యాంకును బట్టి ఇచ్చే ముందు స్థానం) లేకుండా వెళ్లిన మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వు యు ఎదురైంది. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ 0-5తో ఇంటిదారి పట్టింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి ప్రమాదం ఉండదు. అక్కడ మ్యాచ్‌మేకర్ అనే పెళ్లిళ్ల పేరయ్య ఉంటాడు. అతనికి డబ్బులిచ్చేది పోటీలు ఏర్పాటు చేసే ప్రమోటర్. ఆ ప్రమోటర్ ఎవరో ఒక కుర్రవాడి మీద పెట్టుబడి పెట్టి ఉంటాడు. కాబట్టి కుర్రవాడికి తగిన సంబంధాలే వస్తాయి: వయసు మళ్లినవాడు, కింది తరగతి నుంచి బరువు పెంచుకుని వచ్చినవాడు, దెబ్బలు కాచుకుంటూ చివరి గంట దాకా నిలబడితే చాలనుకునేవాడు. ఇందులో మోసమేమీ లేదు, పని నేర్పే పద్ధతే అది. కాకపోతే 15-0, 20-0 (ఇన్ని గెలుపులు, సున్నా ఓటములు) అనే అంకెలు మనకు చెప్పేది బాక్సర్ బలం కంటే పేరయ్య తెలివి గురించే ఎక్కువ.

ఈ లెక్కలన్నీ ఒకేచోట తారుమారైన రాత్రి 2025 ఫిబ్రవరి 22. రియాద్‌లోనే ఆర్తుర్ బెతెర్బియెవ్, ద్మిత్రి బివోల్ రెండోసారి తలపడ్డారు, బివోల్ గెలిచాడు. నేను ఎదురుచూసింది దానికంటే ముందున్న హమ్జా షీరాజ్ కోసం. ఆరడుగుల మూడంగుళాల ఇంగ్లండ్ కుర్రవాడు, మిడిల్‌వెయిట్, 21 గెలుపుల్లో 17 నాకౌట్లు. ఐదు నెలల ముందు వెంబ్లీలో టైలర్ డెన్నీని రెండో రౌండులోనే ముగించాడు. డెన్నీ పట్టుదల ఉన్నవాడే, కానీ ఒక్క దెబ్బతో భయపెట్టేవాడు కాదు. ఈసారి ఎదుట ఉన్నది ప్రపంచ చాంపియన్ బెల్టు ఉన్న కార్లోస్ అడామెస్. వెనక్కి నడవని మనిషి. షీరాజ్ తన పొడవును కొట్టడానికి కాకుండా దూరంగా ఉండటానికే వాడుకున్నాడు. ఒక జడ్జి 118-110తో అడామెస్‌కు, ఒకరు 115-114తో షీరాజ్‌కు ఇచ్చారు, మూడో జడ్జి 114-114 రాశాడు. ఫలితం డ్రా, ఎవరూ గెలవలేదు. నా లెక్కలో అడామెస్ గెలిచాడు, సందేహం లేదు.

అయినా షీరాజ్‌కు ఆ 17 నాకౌట్ల కంటే ఈ డ్రానే ఎక్కువ మేలు చేసిందంటాను. ఇంటికెళ్లి శిక్షకుడిని మార్చుకున్నాడు, ఆండీ లీ దగ్గర చేరాడు, పై బరువు తరగతికి వెళ్లాడు. జూలైలో న్యూయార్క్‌లో ఎడ్గర్ బెర్లాంగాను ఐదో రౌండులో నాకౌట్ చేశాడు. మెక్సికో దిగ్గజం కనెలో అల్వారెజ్‌తో 12 రౌండ్లు నిలబడిన బెర్లాంగానే.

ఫిబ్రవరి రాత్రి తక్కిన బౌట్లను అంత గట్టిగా తూకం వేయలేం. జోసెఫ్ పార్కర్‌తో తలపడాల్సిన డేనియల్ డుబోయిస్ జబ్బుపడటంతో మార్టిన్ బకోలేను రెండు రోజుల ముందు పిలిపించారు. శిక్షణ లేక దాదాపు 143 కిలోల బరువుతో దిగిన అతన్ని పార్కర్ రెండో రౌండులో పడగొట్టాడు. గెలుపు గెలుపే గానీ పార్కర్ గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. అంతకు ఆరు నెలల ముందు, లాస్ ఏంజెలెస్‌లో మరో అండర్‌కార్డ్‌లో, ఇదే బకోలే అమెరికా ఆశలు పెట్టుకున్న జేర్డ్ ఆండర్సన్‌ను ఐదో రౌండులో చిత్తు చేశాడు. ఆండర్సన్‌కు అదే తొలి ఓటమి. మనిషి అతనే, సిద్ధపడటానికి దొరికిన రోజులే వేరు. ఆ ఫిబ్రవరి రాత్రే షకుర్ స్టీవెన్సన్ మీదికి చివరి రోజుల్లో వచ్చిన ఎలక్ట్రీషియన్ జోష్ పాడ్లీ కూడా తొమ్మిదో రౌండులో ఓడిపోయాడు. నేనైతే ఆ బౌట్ తర్వాత పాడ్లీ విలువ పెరిగిందనే అంటాను.

ఇక కబాయెల్. అదే ఫిబ్రవరి రాత్రి అతని ఎదుట చైనా హెవీవెయిట్ జాంగ్ జిలెయ్, అంతకు ముందే వైల్డర్‌ను నాకౌట్ చేసినవాడు. ఐదో రౌండులో కబాయెల్‌ను కింద పడేశాడు. కబాయెల్ లేచాడు, ఆరో రౌండులో అదే పాత పాఠం, పొట్ట మీద దెబ్బ, జాంగ్ లేవలేదు. మఖ్మూదోవ్, అప్పటికి ఓటమి లేని ఫ్రాంక్ సాంచెజ్, ఇప్పుడు జాంగ్. ముగ్గురూ రియాద్‌లోనే, ముగ్గురూ కడుపు పట్టుకునే పడిపోయారు. ఒక్క బౌట్‌లోనూ ప్రకటన మీద పెద్ద బొమ్మ కబాయెల్‌ది కాదు.

అందుకే నేను జత చూడగానే వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఓడిపోతే ఎవరి పెట్టుబడి మునుగుతుంది? మునిగేవాడి అంకెలను సగానికి తగ్గించి, రెండోవాడి పాత బౌట్లు వెతుక్కుని చూస్తాను. ఈ పద్ధతీ తప్పుతుంది. 2024 డిసెంబర్‌లో హెవీవెయిట్లు ఉసిక్, ఫ్యూరీల రెండో పోటీ అండర్‌కార్డ్‌లో ఇంగ్లండ్ కుర్రవాడు జానీ ఫిషర్‌కు అనుభవం కోసం డేవ్ అలెన్‌ను తెచ్చారు. నేను కూడా ఫిషర్ సులువుగా గెలుస్తాడనే అనుకున్నాను. అలెన్ అతన్ని కింద పడేశాడు. జడ్జిలు 2-1తో ఫిషర్‌కే ఇచ్చారు, చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. మే నెలలో లండన్‌లో మళ్లీ కలిశారు. అలెన్ ఐదో రౌండులోనే ముగించాడు. ఫిషర్ రికార్డులో డిసెంబర్ గెలుపు మాత్రం ఇప్పటికీ గెలుపుగానే ఉంది.