జుట్టు రాలితే సంబరపడాలట!

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట మా పెద్ద బావగారు ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. ఆ తర్వాత మా షాపుకి సరుకు వేసే ఏజెన్సీ కుర్రాడు "సార్, ఇది చూశారా?" అంటూ పంపాడు. నిన్న రాత్రి పదకొండున్నరకి మళ్లీ బావగారే, ఈసారి చేతులు జోడించిన బొమ్మతో. తెనాలిలో పదిహేనేళ్లుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ని. ఈ మెసేజ్ చదివినవాళ్లు మర్నాడు వచ్చి నిలబడేది నా కౌంటర్ ముందే కాబట్టి నోరు మూసుకుని ఉండలేకపోతున్నాను.

మెసేజ్ సారాంశం ఇది. అన్నం, చపాతీ మానేసి లో కార్బ్ డైట్ చేసేవాళ్లకి రెండు మూడు నెలలకి జుట్టు రాలుతుంది. భయపడి డైట్ ఆపేయకండి, సంబరపడండి. ఏళ్లుగా పేరుకున్న విషాలు జుట్టు ద్వారా బయటికి పోతున్నాయి. బలహీనమైన వెంట్రుకలు పోయి బలమైనవి వస్తాయి. కొబ్బరినూనె ఇంకో రెండు చెంచాలు పెంచి తాగండి. రోజూ 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ (జుట్టుకి మంచిదని అమ్మే ఒక బి విటమిన్) వేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే గుండు చేయించుకోండి. మన పూర్వీకులు అన్నం ముట్టేవాళ్లు కాదు, అందుకే ఆడవాళ్లకి మోకాళ్ల దాకా జడ ఉండేది. రక్త పరీక్షలంటూ ల్యాబుల చుట్టూ తిరగకండి, అదంతా వ్యాపారం.

పూర్వీకుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. వాళ్లు రోజూ వరన్నం తినలేదు, నిజమే. జొన్నరొట్టె, రాగి సంకటి, సజ్జలు, కొర్రలు తిన్నారు. అవన్నీ పిండిపదార్థాలే కదా? మోకాళ్ల దాకా జడ సంగతి సవరం అమ్మేవాళ్లని అడగండి.

గుండు గురించి. కత్తి ఆడేది చర్మం పైన, వెంట్రుక పుట్టేది చర్మం కింద. గుండు తర్వాత మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా వచ్చినట్టు తగులుతుంది, అంతే. ఏడాదికోసారి కల్యాణకట్టలో తలనీలాలిచ్చే మా చిన్నాన్నకి ఇప్పుడు స్వామికి ఇవ్వడానికి చెవుల పైన మాత్రమే మిగిలింది. మొక్కు మొక్కే, వైద్యం కాదు.

ఇక విషాల సంగతి. విషాలు పోయే దారి జుట్టే అయితే, ఊళ్లో బట్టతల వాళ్లంతా పరమ పవిత్రులన్నమాట. కాలేయం, కిడ్నీలు పుట్టింది మొదలు ఆ పని మీదే ఉన్నాయి. వాటికి తోడుగా తలమీద ఇంకో శాఖ తెరవలేదు. వెంట్రుక పెరిగేటప్పుడు రక్తంలోని ఆర్సెనిక్ లాంటివి అందులో చేరే మాట నిజమే, నేర పరిశోధనలో వెంట్రుకని పరీక్షించేది అందుకే. కానీ చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. అది తలమీదే ఉన్నా, దువ్వెనలోకి వచ్చినా లోపలి రక్తానికి ఒరిగేదేమీ లేదు.

నిజంగా విషం వల్ల జుట్టు ఊడితే ఎలా ఉంటుందో 2025 జనవరిలో వార్తల్లో చూశాం. మహారాష్ట్రలో బుల్‌ఢాణా జిల్లా, శెగావ్ తాలూకా పల్లెల్లో జనానికి కొద్ది రోజుల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. వాళ్ల ఒంట్లో సెలీనియం ఎక్కువగా కనిపించింది, తిన్న గోధుమల మీద అనుమానం వచ్చింది. అక్కడ విషం లోపలికి వెళ్తే జుట్టు ఊడింది. ఊడినందువల్ల విషం బయటికి పోయిందని శెగావ్‌లో ఎవరూ సంబరాలు చేసుకోలేదు.

మరి డైట్ మొదలెట్టిన రెండు మూడు నెలలకి ఏం జరుగుతోంది? కొంచెం ఓపిగ్గా వినండి, ఇక్కడ కాస్త లెక్క ఉంది. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో పదింట తొమ్మిది పెరుగుతూ ఉంటాయి, ఒక వంతు విశ్రాంతిలో ఉంటుంది. విశ్రాంతి దాదాపు మూడు నెలలు, ఆ తర్వాత రాలిపోతాయి. అంటే పదివేల వెంట్రుకలు వంద రోజుల్లో, రోజుకి వంద. ఇది మామూలే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ రాలుతుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే టైఫాయిడ్, డెంగీ, పెద్ద ఆపరేషన్, కాన్పు, గబగబా బరువు తగ్గడం లాంటివి జరిగినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. పదివేల బదులు ముప్పైవేలు పోయాయనుకోండి, మూడు నెలల తర్వాత రోజుకి మూడు వందలు రాలతాయి. టెలోజెన్ ఎఫ్లూవియం అని క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు 1961లోనే పేరు పెట్టాడు. మా అమ్మమ్మ ఏ పేరూ పెట్టకుండానే, "బిడ్డ బోసినవ్వు నవ్వే వేళకి తల్లి జుట్టు రాలుద్ది" అనేది. నవ్వుకీ జుట్టుకీ సంబంధం లేదు గానీ, మూడు నెలల లెక్క మాత్రం ఆవిడ సరిగ్గానే పట్టుకుంది.

మా షాపుకి కొందరు రాలిన వెంట్రుకల్ని పాలిథిన్ కవర్లో వేసుకుని మరీ వస్తారు. "చూడండి, తెల్లగా వేరుతో సహా ఊడొచ్చింది" అని. అది వేరు కాదమ్మా. విశ్రాంతిలోకి వెళ్లిన వెంట్రుక మొదలు అలాగే తెల్లగా ముడిలా ఉంటుంది. వేరు లోపలే ఉంది, మళ్లీ మొలిపించడానికి. ఈ ఒక్క మాటకే సగం మంది టెన్షన్ తగ్గి, ఏమీ కొనకుండా వెళ్లిపోతారు. నా వ్యాపారం అలా ఉంది.

కాబట్టి తప్పు అన్నం మానడంలో లేదు. నెలకి ఎనిమిది, పది కిలోలు దిగేంతగా కడుపు మాడ్చడంలో, మాంసకృత్తులు అందకపోవడంలో ఉంది. అన్నం తింటూ పస్తులున్నా ఇదే జరుగుతుంది. మన దగ్గర లో కార్బ్ పేరుతో జరిగేది చూడండి. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కూరగాయల సూప్, రాత్రి ఇంకో సూప్, మధ్యలో కొబ్బరినూనె. పప్పులో కార్బ్స్ ఉన్నాయని శాకాహారులు పప్పు కూడా మానేస్తారు. పనీర్ రేటెక్కువ, గుడ్డు ఇంట్లోకి రాకూడదు. ఇక ప్రొటీన్ ఎక్కణ్నుంచి వస్తుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. కొబ్బరినూనెలో ఎంతుందో తెలుసా? సున్నా. వెంట్రుక దాదాపు అంతా కెరటిన్ అనే ప్రొటీన్, దానికి ఇంకో రెండు చెంచాల నూనె తాగమని సలహా! గోడకి ఇటుకలు తక్కువైతే ఇంకో కోటు సున్నం వేయమన్నట్టుంది.

"బలహీనమైనవి పోయి బలమైనవి వస్తాయి" అన్నది సగం నిజం. కొత్తవి వస్తాయి, పాతవాటి కంటే బలంగా రావు. అలాగే వస్తాయి.

ఇక నాకు అసలు ఒళ్లు మండిన చోటు. బయోటిన్ వేసుకో, పరీక్షలు చేయించుకోకు. ఈ రెండు సలహాలు ఒకే మెసేజ్‌లో ఉండటం అగ్గిపెట్టె చేతికిచ్చి నీళ్ల బిందె దాచేయడం లాంటిది.

పెద్దవాళ్లకి బయోటిన్ రోజుకి 30 మైక్రోగ్రాముల దాకా చాలు. మామూలు తిండిలోనే వస్తుంది, లోపం చాలా అరుదు. జిమ్ కుర్రాళ్లలా పచ్చి గుడ్డు తెల్లసొన నెలల తరబడి తాగితే తప్ప. పదివేల మైక్రోగ్రాములంటే దాదాపు ఏడాది కోటా ఒక్క రోజులో మింగడం. ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అంటారు. పోతుంది, కానీ పోయేలోపు రక్తంలో తిరుగుతుంది. ల్యాబుల్లో థైరాయిడ్ లాంటి పరీక్షలు చేసే కిట్లు చాలావాటిలో బయోటిన్‌నే జిగురులా వాడతారు. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ నిండి ఉంటే కిట్ మోసపోతుంది. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గుండెపోటుని పట్టిచ్చే ట్రోపోనిన్‌ని కూడా తక్కువ చూపించవచ్చు. 2017 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది, ఒక రోగి చనిపోయిన సంగతి కూడా అందులో ఉంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా పెద్దమ్మ కూతురు, మా అక్క, లో కార్బ్ మొదలుపెట్టిన మూడో నెలలో ఫోన్ చేసింది. "ఒరేయ్, దువ్వెన పెట్టాలంటే భయమేస్తోందిరా" అంది. మెసేజ్‌లో విషాలు పోతున్నాయని ఉంది కదా, నీరసమొచ్చినా, మలబద్ధకమొచ్చినా, ఏసీలో వణుకొచ్చినా అన్నీ ఆ ఖాతాలోనే రాసుకుంది. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చింది. చివరికి మేనకోడలు బలవంతం మీద థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 1.9, నార్మల్. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ మాత్రం పీల్చుకోలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికీ కాగితానికీ పొంతన లేదని, "ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడిగింది. బయోటిన్ అని తేలింది. అది ఆపించి, వారం ఆగి మళ్లీ చేయిస్తే 18. అంటే థైరాయిడ్ బాగా మందగించిందన్నమాట.

ఆ బయోటిన్ డబ్బా అమ్మింది నేనే. అక్క కదా అని పది శాతం తగ్గించి మరీ ఇచ్చాను. ఏం పరీక్షలు చేయించుకున్నావు, చేయించుకునే ముందు ఇది ఆపాలి అని ఒక్క మాట చెప్పలేదు. మెసేజ్ రాసినవాడిని తిట్టే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. ఇప్పుడు బయోటిన్ అడిగిన ప్రతివాళ్లకీ, రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు మానేయండి, వాడుతున్నట్టు ల్యాబులో చెప్పండి అని చెప్పే పంపుతున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అక్క జుట్టు విషయంలో డైట్ ఏ పాపమూ ఎరగకపోవచ్చు, ఆవిడ థైరాయిడ్ అంతకుముందు నుంచే మందగించి ఉండొచ్చు. దాన్ని అన్నాళ్లు దాచిపెట్టింది డైట్ కాదు, "సంబరపడండి" అన్న మాట.

పరీక్షలు వ్యాపారమేనా? కొంత వ్యాపారమే, కాదనను. తొంభై రకాల పరీక్షలు ఒకే ప్యాకేజీలో చవగ్గా అన్న బోర్డులు నేనూ చూస్తున్నాను. అవి చేయించమనడం లేదు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్ చాలు, మిగతావి డాక్టర్ చెబితే చూసుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ మెసేజ్ చదివే ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువతోనే డైట్ మొదలుపెడతారు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటినవాళ్లు వీళ్లకి అదనం. వాళ్లకి జుట్టు రాలితే సంబరపడమని చెప్పేవాడికి నేనేమనాలి? బావగారు చదువుతారు కాబట్టి అనను.

జుట్టు గుండ్రంగా రూపాయి బిళ్లంత చోట పోతే అది పేనుకొరుకుడు, డైట్‌తో పనిలేదు. పాపిట వెడల్పవుతూ పోతే అదింకో రకం. ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంత తిట్టాక, ఆ మెసేజ్‌లో ఒక మాట మాత్రం నిజమని చెప్పాలి. "భయపడి డైట్ ఆపేయకండి" అని ఉంది చూశారా, అది నిజమే. వాళ్లు చెప్పిన కారణానికి కాదు. ఈరోజు రాలిన వెంట్రుక సంగతి మూడు నెలల క్రితమే తేలిపోయింది. ఇవాళ కంగారుపడి రెండు ప్లేట్ల బిరియానీ తిన్నా రేపు దువ్వెన ఖాళీగా రాదు. నేనూ రాత్రిపూట అన్నం మానేసి రెండేళ్లయింది, షుగర్ అదుపులోకి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశం లేదు. పప్పు, గుడ్లు, చేపలు సరిపడా తింటూ నెలకి రెండు మూడు కిలోలకి మించి దిగకుండా చూసుకుంటే చాలామందికి జుట్టు జోలికి రాదు. రాలినా కొన్నాళ్లకి ఆగుతుంది, ఓపిక పడితే.

అక్క ఇప్పుడు పరగడుపునే థైరాయిడ్ మాత్ర వేసుకుని, అరగంట ఆగి కాఫీ తాగుతోంది. అన్నం ఇంకా మధ్యాహ్నం ఒక్కపూటే. మొన్న అట్లతద్దికి వెళ్తే నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు ముళ్లలా నిలబడి ఉన్నాయి. "ఎంత దువ్వినా అణగట్లేదురా, దీనికేమైనా మాత్ర ఉందా?" అని అడిగింది. కొబ్బరినూనె రాయమన్నాను. రెండు చుక్కలు, తలకి.