కోటగోడ దిగితే పెళ్ళిచూపులు

ఆదివారం పొద్దున్నే మా బల్లార్షా తెలుగువాళ్ళందరినీ నిద్ర లేపి, మహారాష్ట్రలో మా పక్కనే ఉన్న చంద్రపూర్ కోటగోడ చూపించడానికి బయల్దేరదీసింది చిన్నాయన. గోండు రాజులు కట్టించిన ఈ గోడ పాత ఊరి చుట్టూ దాదాపు 11 కిలోమీటర్లు ఉంటుంది. జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అని నాలుగు దర్వాజాలు, అవికాక ఖిడ్కీలనే చిన్న గుమ్మాలు ఐదు. వెనకటికో కుందేలు రాజుగారి వేటకుక్కను తరిమిందట. అవి పరుగెత్తిన దారినే గోడ లేపారని కథ. కుక్కను కుందేలు తరిమిన ఊళ్ళో ఏదీ తిన్నగా జరగదని మాకు అప్పుడే తట్టాల్సింది.

జట్‌పురా దర్వాజా మీద ఏనుగును అణిచిన సింహం బొమ్మ గురించి చిన్నాయన చెప్పిన క్లాసుకు చాయలు చల్లారిపోయాయి. తర్వాత గోడెక్కాం. రాళ్ళ సందుల్లో రావి మొలకలు, గోడకు ఆనుకుని ఇళ్ళు. ఒక బురుజు మీద ఎవరో పాత చీర పరిచి వడియాలు పెట్టారు. పక్కనే కర్ర పట్టుకుని ఓ ముసలమ్మ. కాకుల కోసం తెచ్చిన ఆ కర్ర మా వైపు తిరిగేసరికి, అంతసేపూ యుద్ధాల గురించి చెప్పిన చిన్నాయన, "ఇటు దిగుదాం పాండ్రి" అని కూలిన మెట్ల వైపు మళ్ళించాడు.

కింద సీతాఫలం కొమ్మలు, ముళ్ళకంపలు. ఒకప్పటి అడవిలో అక్కడ మిగిలింది అంతే గానీ, వదిన కొంగు చింపడానికి అది చాలింది. కంప తప్పించుకుని బయటపడేసరికి ఎవరిదో పెరడు.

కొత్త చొక్కా వేసుకున్న ఓ పెద్దమనిషి ఎదురొచ్చాడు. కాలర్ వెనక ధర చీటీ ఇంకా వేలాడుతోంది. "ఎనకనుంచి ఒచ్చిన్రేంది బావా, ఇల్లు దొరకలేదా? ఇంతమంది వస్తరని చెప్పలేదు గదా!"

చరిత్ర అంటే ఈ ఊళ్ళో ఎంత గౌరవమో అని చిన్నాయన పొంగిపోయాడు. ఈలోపు పోహా అనే అటుకుల ఉప్మా, దాని మీద తర్రీ అనే ఎర్రటి కారం పులుసు వచ్చాయి. ఒక్కరమన్నా వద్దంటేనా!

"ఈ గోడ ఎన్నేండ్లదంటరు?" అడిగాడు చిన్నాయన.

"మొన్న దసరాకే. లోన్ తీస్కొని కట్టించిన."

చిన్నాయన చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. అప్పుడే వీధి గుమ్మం ముందు కారు ఆగింది. అసలు పెళ్ళికొడుకువాళ్ళు దిగారు. లోపల గాజుల చప్పుడు, "అయ్యో, ప్లేట్లన్నీ వీళ్ళ చేతుల్లోనే ఉన్నయి" అని ఎవరో గుసగుస.

"వీళ్ళెవరు?" అన్నాడు కుర్రాడి తండ్రి, మా తలల్లోని ఎండుటాకులు చూస్తూ.

పెద్దమనిషి గుటక మింగాడు. "మావోళ్ళే. పెద్దనాయిన దిక్కు."

ఆ మాట అన్నాక ఇంక ఆపడం ఎవరి తరం? చిన్నాయన ప్లేటు పక్కన పెట్టి, మీసం దువ్వి, పెళ్ళికొడుకు వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"బాబూ, జీతం కటింగులన్నీ పోను చేతికెంతొస్తది?"

అమ్మాయి తండ్రి చిన్నాయనకు ఇంకో ప్లేటు పోహా తెమ్మని లోపలికి సైగ చేశాడు.