ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండు ఫలితాలు

జర్మనీ వాహన సంస్థ డైమ్లర్-బెంజ్ 1993లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. ఆ ఏడాదికి జర్మన్ చట్టం ప్రకారం కట్టిన లెక్కల్లో 61.5 కోట్ల మార్కుల (అప్పటి జర్మన్ కరెన్సీ) లాభం తేలింది. అవే పద్దులను అమెరికా నిబంధనల ప్రకారం మళ్లీ కడితే 180 కోట్ల మార్కులు దాటిన నష్టం! ఇందులో దొంగ లెక్క ఏదీ లేదు. మంచి రోజుల్లో వెనకేసిన నిల్వలను గడ్డురోజుల్లో లాభంలో కలుపుకోవడానికి జర్మన్ పద్ధతి వీలిచ్చేది. అప్పిచ్చిన బ్యాంకుకు భరోసా ఇవ్వడం దాని లక్ష్యం. అమెరికా పద్ధతి వాటాదారుడి కోసం పుట్టింది. ఆ సర్దుబాటుకు అది ఒప్పుకోలేదు.

డిగ్రీలో అకౌంటింగ్ చదివే విద్యార్థికి ఈ ఉదంతం మొదటి ఏడాదిలోనే తెలియాలని మా అభిప్రాయం. చాలా పాఠ్య ప్రణాళికల్లో జరుగుతున్నది వేరు. అంతర్జాతీయ అకౌంటింగ్‌ను చివరి సెమిస్టర్‌లో, ఇష్టమైతే తీసుకునే పేపరుగా పెడుతున్నారు. ప్రతి లెక్కకూ ఒకే జవాబు ఉంటుందని ఏళ్ల తరబడి నూరిపోసి, పట్టా చేతికిచ్చే ముందు ‘అలాగేం కాదు’ అని చెప్పడమిది.

దీనికి విడి పేపరు అక్కర్లేదు. సరకు నిల్వల విలువ కట్టడం నేర్పే రోజే, చివర కొన్నది ముందు అమ్ముడైనట్టు లెక్కించే లైఫో పద్ధతిని అమెరికా అనుమతిస్తుందనీ, అంతర్జాతీయ ప్రమాణాలు నిషేధించాయనీ చెప్పవచ్చు. ధరలు పెరిగేటప్పుడు లైఫోతో లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. అమెరికాలో అది ఎందుకు నిలిచిందో విద్యార్థికి ఇక విడమరచనక్కర్లేదు.

ప్రమాణాల నంబర్లు బట్టీ పట్టించడం మరో జాడ్యం. లీజుల ప్రమాణం ఐఏఎస్ 17ను వల్లెవేసినవారి చదువు 2019లో దాని స్థానంలో ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ ఆర్థిక నివేదన ప్రమాణాలు) 16 అమల్లోకి రాగానే పాతబడింది. విమానయాన సంస్థలు లీజుకు తీసుకున్న విమానాల్లో ఎన్నో అంతకుముందు ఆస్తి అప్పుల పట్టీకి ఎక్కేవే కావు. ఎగిరే విమానం కాగితం మీద లేకపోవడమేమిటని తరగతిలో ఒక్కసారైనా చర్చించినవారికి కొత్త నిబంధన కొరుకుడు పడనిదేమీ కాదు.

పునాది గట్టిపడకముందే రెండు పద్ధతులు చెబితే పిల్లలు తికమకపడతారన్న అభ్యంతరం ఉంది. కొంత నిజమే, డెబిట్, క్రెడిట్ తడుముకునేవారికి ప్రమాణాల పోలిక భారమే అవుతుంది. దేశీయ నిబంధనలను పక్కన పెట్టమనీ మేము అనడం లేదు. యూరోపియన్ యూనియన్ సైతం 2005 నుంచి ఐఎఫ్ఆర్ఎస్‌ను తప్పనిసరి చేసింది లిస్టెడ్ కంపెనీల ఏకీకృత ఖాతాలకే, అంటే అనుబంధ సంస్థలను కలిపి చూపే లెక్కలకే. చిన్న సంస్థల పద్దులు, పన్నులు చాలామటుకు ఆయా దేశాల చట్టాల కిందే నడుస్తున్నాయి. పట్టభద్రుల్లో ఎక్కువమంది పని చేయబోయేదీ అక్కడే.

అసలు చిక్కు పరీక్షలతో. ఒకే అంకెల సమూహం ఇచ్చి, రెండు పద్ధతుల్లో లాభం కట్టించి, అప్పిచ్చే బ్యాంకరు ఏ లెక్క కోరుకుంటాడో, ఎందుకో రాయమంటే జవాబులు రకరకాలుగా వస్తాయి. కీ పేపరు ముందు పెట్టుకుని దిద్దడం కుదరదు. అధ్యాపకులకు ఇలాంటి జవాబులను దిద్దే వ్యవధి, తర్ఫీదు ఇవ్వకుండా సిలబస్‌లో ‘అంతర్జాతీయ’ అనే మాట చేర్చిన విశ్వవిద్యాలయాలు ముందు ఆ ఖర్చుకు పద్దు రాసుకోవాలి.