స్ఫూర్తి అనే నాలుగో గడి

నాటకాలకు లైట్లు వేసే పనిలో పాతికేళ్లు గడిచాక ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ పనికి నిచ్చెన ఎక్కడం వస్తే చాలదు, స్ఫూర్తి కూడా ఉండాలి. లేకపోతే సావనీర్‌లో ఫోటో వేయరు.

ఆమధ్య ఒక పరిషత్తు వారు ఫారం పంపారు. పేరు, ఊరు, అనుభవం చకచకా నింపేశాను. నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. ‘మీ సాంస్కృతిక అభిరుచులు, స్ఫూర్తి’ అని ఉంది, కింద ఆరు గీతలు గీశారు. ఆరు గీతలకు సరిపడా అభిరుచి నా దగ్గర ఉందా అని టెన్షన్ పట్టుకుంది.

సరే, ఉన్నదే రాద్దామనుకున్నాను. చిన్నప్పుడు మా రామాలయం ముందు వీధి భాగవతం ఆడేవారు. తెరంటే ఇద్దరు చెరో కొస పట్టుకున్న దుప్పటి. దాని వెనక హిరణ్యకశిపుడు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఉంటాడు, మనిషి మాత్రం కనబడడు. పక్కనే దివిటీ పట్టుకుని ఒక ముసలాయన, ఆయన నడుముకు గుగ్గిలం పొడి సంచి. తెర దించీ దించగానే గుప్పెడు పొడి దివిటీ మీద కొట్టాడు. భగ్గుమంది. అర్దళం పూసిన పచ్చటి ముఖం, కోరమీసం, ఎర్రటి నాలుక ఒక్క క్షణం కనబడి మళ్లీ చీకట్లో కలిసిపోయాయి. నా లాగూ తడిసిపోయింది. మర్నాడు పొద్దున అదే హిరణ్యకశిపుడు మా అరుగు మీద కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటుంటే ఏ భయమూ వేయలేదు. అంటే రాత్రి నన్ను భయపెట్టింది ఆయన కాదు, గుగ్గిలం!

ఇదంతా రాసి పంపితే కార్యదర్శిగారు ఫోన్ చేశారు. “చాలా బాగుందండీ. కాకపోతే స్థాయి కొంచెం...” అన్నారు. లాగూ సంగతి తీసేస్తానన్నాను. “లాగూ ఉండనివ్వండి, ముసలాయన్ని తీసేయండి” అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. నాటకానికి కిరీటం, గద, జరీ పంచె అద్దెకు తెచ్చుకుంటాం. దుర్యోధనుడి కిరీటం వదులైతే లోపల గుడ్డ కుక్కుతాం. మరి స్ఫూర్తిని మాత్రం ఇంట్లోంచి తెచ్చుకోమంటే ఎలా? అద్దెకు తెచ్చుకుని, వదులుగా ఉన్నచోట నాలుగు పెద్ద మాటలు కుక్కుకోవాలి. అసలు ఏ పరిషత్తయినా మేకప్ సామానుతో పాటు స్ఫూర్తులు కూడా ఒక ట్రంకు పెట్టెలో ఉంచితే మాలాంటి వాళ్లకు ఈ తిప్పలు ఉండవు.

తేదీలు కూడా చూసుకోవాలి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఆ రోజు మన స్ఫూర్తి పడమటి దేశాల వాడై ఉండాలి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజుకు స్ఫూర్తి రాజమండ్రి చేరుకోవాలి. మధ్యలో ఉన్నది ఇరవై రోజులే. పాపం, స్ఫూర్తికి ప్రయాణ బడలిక తీరే వ్యవధైనా ఉండదు.

ముసలాయన్ని వదులుకోలేక ఇంకో దారి వెతికాను. జర్మనీ నాటకకర్త బ్రెహ్ట్ స్టేజీ మీద లైట్లను దాచొద్దన్నాడు, అవి ఎక్కడున్నాయో ప్రేక్షకుడికి కనబడాలన్నాడు. మా ముసలాయన దివిటీ దాచలేదు సరే, తనూ దాక్కోలేదు. హిరణ్యకశిపుడి పక్కనే నిలబడి మధ్యలో చుట్ట కూడా వెలిగించుకునేవాడు. ఆ మాటే కార్యదర్శిగారితో అంటే ఆయన గొంతు మారిపోయింది. “ముందే చెప్పాలి కదండీ, ఆయన బ్రెహ్టియన్ అని!”

కానీ కమిటీలో ఇంకొకరు ఒప్పుకోలేదు. బ్రెహ్ట్‌ను అప్పటికే ముగ్గురు తీసేసుకున్నారట, అందులో ఒకాయన హార్మోనిస్టు. నాకు మిగిలింది అడాల్ఫ్ ఆపియా. స్విట్జర్లాండ్ ఆయన, 1862లో పుట్టాడు. వెలుగునీడలే నాటకానికి ప్రాణమని, తెర మీద బొమ్మలేసి చెట్లూ మేడలూ అనిపించడం దండగని వాదించాడు. మంచి మాటే. 1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన నాటక సమాజం వాళ్ల రంగుల తెరలు, స్టేజీ మీద కురిసే వాన, తీగల మీద ఎగిరే మనుషులంటే ప్రాణం పెట్టే నాలాంటి వాడికి ఆయన పడతాడా అనే అనుమానం వచ్చింది కానీ, ఫోటో గుర్తొచ్చి పైకి అనలేదు.

ఉప్పునీళ్ల కుండలో రేకు ముంచుతూ తేలుస్తూ వెలుగు పెంచి తగ్గించిన మా గురువుగారి డిమ్మర్ గురించి ఒక్క ముక్క రాస్తానన్నాను. కరెంటు వాళ్లు చదివితే బాగుండదన్నారు. ఇప్పటికీ టీవీ సీరియల్‌లో అత్తగారి ముఖం మీద ఏ పక్క నుంచి లైటు పడుతోందో చూస్తూ అన్నం తింటానన్న సంగతి నేనే దాచుకున్నాను.

సావనీర్ వచ్చింది. ఫోటో బాగా పడింది. కింద ‘స్ఫూర్తి: అడాల్ఫ్ అప్పయ్య’ అని అచ్చయింది.

సాయంత్రం మా ఊరి నుంచి పాత హార్మోనియం బాబాయి ఫోన్. “ఏరా, ఈ అప్పయ్యెవర్రా? తెనాలి వైపు మనిషేనా?”

“ఆ వైపే బాబాయ్,” అన్నాను. “కాస్త అవతల.”