సెర్చ్ హిస్టరీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సెర్చ్ హిస్టరీ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఆఫీసు లోపలి, బయటి వీడియో కాల్స్‌ను కలిపే గేట్‌వే సిస్కో ఎక్స్‌ప్రెస్‌వేలో, ఏ చిరునామా కోసం ఎక్కడెక్కడ వెతికారో రాసిపెట్టుకుంటూ స్టేటస్ మెనూ కింద కొలువైన తమరికి, కాల్ కలవనప్పుడు తప్ప తమరి గుమ్మం తొక్కని మేము నమస్కరించి రాయునది.

తమరు అబద్ధం చెప్పరు. అక్కడే వచ్చింది చిక్కంతా. "ఈ చిరునామా దొరికిందా?" అన్న ఒక్క ప్రశ్నకే తమరి దగ్గర జవాబు ఉంటుంది. మేమేమో "వాళ్లెందుకు మాట్లాడుకోలేకపోయారు?" అని పేజీ తెరుస్తాం. ఫౌండ్ పక్కన ట్రూ అని కనబడిందా, ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, "గేట్‌వే వైపు సమస్య లేదు" అని రాసి టికెట్ మూసేస్తాం.

ఆ ట్రూ ఎంత చవకో తమరికి మేం చెప్పాలా? జోన్‌కు, అంటే అవతలి యంత్రంతో కలిపే లింకుకు, కస్టమ్ ప్రొఫైల్ పెట్టి, వచ్చిన సెర్చ్‌లకు దానంతటదే బదులిచ్చే సెట్టింగ్ ఎవరైనా ఆన్ చేసి ఉంటే, సెర్చ్ అవతలికి వెళ్లనే వెళ్లదు. అవతలి యంత్రం ప్లగ్ పీకేసి ఉన్నా సరే, దాని తరఫున గేట్‌వేనే "ఉన్నారు" అనేస్తుంది. హెచ్.323 అనే ప్రోటోకాల్ మీద వచ్చే కాల్ అయితే తమరి పట్టికలో ఏఆర్‌క్యూ లేదా ఎల్‌ఆర్‌క్యూ అనే సందేశం ఒక వరస, సెటప్ అనే సందేశం ఇంకో వరస. మొదటిది వాకబు, రెండోది అసలు కాల్. వాకబు ఫలించిందని చూసి సంబరపడి, సెటప్ వరస తెరవకుండానే లేచిపోయే మహానుభావులు మాలో చాలామంది.

అంతెందుకు, కాల్ కలిసి, ఇద్దరూ తెర మీదికొచ్చి, ఒకరి గొంతు ఒకరికి వినబడక చేతులు ఊపుకుంటున్నా తమరి రికార్డు నిక్షేపంగానే ఉంటుంది. మీడియాకు, అంటే మాటకూ బొమ్మకూ, వాడే 36000 నుంచి 59999 దాకా యూడీపీ పోర్టుల్ని ఫైర్‌వాల్ మింగేసిందా, లోపలి ఐపీ బదులు బయటి ఐపీ చూపించే స్టాటిక్ నాట్ పెట్టడం మరిచిపోతే, మీడియా ఎక్కడికి పంపాలో చెప్పే ఎస్‌డీపీలో లోపలి ఐపీ బయటికి పోయిందా, ఇవేవీ తమరి శాఖలోకి రావు. పోయిన ప్యాకెట్ల లెక్క కాల్ స్టేటస్ గారి దగ్గర ఉంటుంది. ఆయన్ని అడగాలని మాకు సాయంత్రానికి తోస్తుంది.

తమరి జ్ఞాపకశక్తి సంగతీ మనవి చేసుకోవాలి. చివరి 255 సెర్చ్‌లు, అవీ రీస్టార్ట్ అయ్యేదాకానే. ఫిర్యాదు రాగానే గదిలో ఒకరు "ముందు రీస్టార్ట్ కొట్టి చూద్దాం" అంటారు. సాక్షిని చంపేసి విచారణకు కూర్చోవడం మాకు బాగా అలవాటు. రీస్టార్ట్ కొట్టకపోయినా, బయటి ప్రపంచం వైపున్న ఎక్స్‌ప్రెస్‌వే-ఇ మీద కాల్స్ వచ్చే 5060 యూడీపీ పోర్టు తెరిచి ఉంటే చాలు. 100, 1000, 1001 అంటూ తోచిన నంబర్లకల్లా కాల్ చేసి వరసపెట్టి తలుపులు తట్టే స్కానర్లు ఆ 255 వరసల్నీ ఇట్టే నింపేస్తాయి, అసలు కాల్ కింద నుంచి జారిపోతుంది. యూడీపీ మూసేసి, లాగ్‌లు బయటి సిస్‌లాగ్ సర్వర్‌కు పంపితే పోయేదానికి తమరిని తిట్టుకోవడం అన్యాయమే. అయినా తిట్టుకుంటాం.

నిజానికి తమరి అసలు ప్రతిభ ఆ వ్యూ లింకు వెనక దాగి ఉంది. నొక్కితే చెట్టులా విచ్చుకుంటుంది: ట్రాన్స్‌ఫార్మ్స్ (చిరునామాలో చేసే మార్పులు), అడ్మిన్ పాలసీ (ఏ కాల్‌ను రానివ్వాలో చెప్పేది), ఫైండ్‌మీ (ఒక మనిషిని ఏ ఏ పరికరాల్లో పిలవాలో చెప్పేది), సెర్చ్ రూల్స్ (ఏ జోన్‌లో వెతకాలో చెప్పేవి), చివర జోన్లు. ఆ వరసలోనే పైనుంచి కిందికి చదవాలి. మేం మాత్రం నవల చివరి పేజీ చదివినట్టు అడుగున "నాట్ ఫౌండ్" చూసి, అవతలి కంపెనీకి ఈమెయిల్ కొడతాం. పైన డెస్టినేషన్ అలియాస్ (పిలిచిన చిరునామా) చివర ":5061" అనే పోర్టు నంబరు తోక వేలాడుతూనే ఉంటుంది. ఆఫీసు ఫోన్లు నడిపే కాల్ మేనేజర్ సర్వర్ నుంచి వచ్చే కాల్స్‌కు ఆ తోక మామూలే. రూల్‌లో రాసింది డొమైన్‌తో ముగిసే ప్యాటర్న్. సఫిక్స్ (చివరి భాగం పోల్చేది) అన్నా, రెజెక్స్ (సంకేతాలతో రాసే ప్యాటర్న్) అన్నా తోక ఉన్నంతకాలం అతకదు, ఎందుకంటే రెజెక్స్ అలియాస్ మొత్తానికీ సరిపోవాలి. ట్రాన్స్‌ఫార్మ్స్ దగ్గర "నాట్ ట్రాన్స్‌ఫార్మ్‌డ్" అని తమరు స్పష్టంగానే రాశారు. తోక కోసే ట్రాన్స్‌ఫార్మ్ ఒకటి రాస్తే పనైపోయేది. చెట్టులో అసలు జోనే లేదంటే సెర్చ్ గడప దాటలేదన్నమాట. ఆ ఈమెయిల్ అందుకున్న అవతలివాళ్లు పాపం వారం పాటు వాళ్ల ఫైర్‌వాల్ వెతుక్కుంటారు.

సెర్చ్ రూల్స్‌లో ప్రయారిటీ 100 అని ముందే నింపి ఉంటుంది గనక మేం రాసిన రూల్స్ అన్నీ 100 దగ్గరే గుంపుగా నిలబడతాయి. ఒకదానికి "మ్యాచ్ అయితే స్టాప్" అని పెట్టి, ఇక మిగతావాటి జోలికి పోదని నిశ్చింతగా ఉంటాం. స్టాప్ ఆపేది ఆ తర్వాతి ప్రయారిటీలనే. అదే అంకెలో ఉండి మ్యాచ్ అయ్యే రూల్స్ కూడా నడుస్తాయి. లోపలి కాల్, బయటి చిరునామాలు వెతికే డీఎన్ఎస్ జోన్‌కు ఎందుకు వెళ్లిందని తమరి మీద నింద వేసేముందు ఆ అంకెలు చూసుకోవాలి. ఇంకొందరైతే రెండు గేట్‌వేల మీదా "ఎనీ అలియాస్" రూల్ పెట్టి ఒకదానికొకటి చూపిస్తారు. తమరు "లూప్ డిటెక్టెడ్" అని మొత్తుకుంటే, అది నెట్‌వర్క్ టీమ్ పని అంటారు.

కాల్ కొట్టకుండానే ఇదంతా పరీక్షించుకోవచ్చు. మెయింటెనెన్స్, టూల్స్ కింద లొకేట్ ఉంది. అలియాస్, ప్రోటోకాల్, ఏ జోన్ నుంచి వచ్చినట్టు అనుకోవాలో చెప్తే సెర్చ్ నడిపి ఇదే చెట్టు చూపిస్తుంది. పక్కనే చెక్ ప్యాటర్న్ కూడా ఉంది. రూల్ మార్చగానే మేం వాడేది మాత్రం వాటిని కాదు, సోమవారం ఉదయపు డైరెక్టర్ల మీటింగును.

ఇట్లు,
తమ విధేయులు,
వీడియో సపోర్ట్ బృందం

తా.క.: ఒకే కాల్‌ను లోపలివైపున్న ఎక్స్‌ప్రెస్‌వే-సి మీదా, బయటివైపున్న ఎక్స్‌ప్రెస్‌వే-ఇ మీదా వెతికేటప్పుడు కాల్ సీరియల్ నంబర్ పట్టుకు వేలాడకండని కొత్తగా చేరినవాళ్లకు తమరైనా చెప్పండి. అది ఏ పెట్టెకు ఆ పెట్టెదే. రెండింటినీ కలిపేది ట్యాగ్. రెండు పెట్టెలకూ ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసే ఏర్పాటు) సరిగ్గా ఉందో లేదో కూడా చూడమనండి, లేకపోతే ఇ లోంచి సి కి వచ్చిన కాల్ బయల్దేరకముందే చేరినట్టు కనబడుతుంది.